ఫార్మాట్ కొట్టిన మర్నాడు

2000 దశకంలో గోదావరి జిల్లాల్లో కంప్యూటరుకి ఏ జబ్బు చేసినా మందు ఒక్కటే. ఫార్మాట్. నెమ్మదించినా ఫార్మాటే, వైరస్ పట్టినా ఫార్మాటే, పెళ్లి ఫొటోల సీడీ తెరుచుకోకపోయినా ఫార్మాటే. రాజమండ్రి దేవీచౌక్ దగ్గరైనా, కాకినాడ భానుగుడి సెంటర్లోనైనా, భీమవరంలోనైనా, రిపేరు షాపు కుర్రాడు సీపీయూ మూత విప్పుతూ అడిగే మొదటి ప్రశ్న కూడా ఒక్కటే. "సీ డ్రైవులో ఏవైనా దాచుకున్నారా అండీ?" డీ డ్రైవులో ఉన్నవి బతుకుతాయి, సీ డ్రైవులో ఉన్నవి పోతాయి. ఈ సంగతి ఒకటి రెండు దెబ్బలతో జనానికి వంటబట్టింది. పాటలు, సినిమాలు, పిల్లల ఫొటోలు డీ డ్రైవుకి తరలించడం నేర్చుకున్నారు. బ్రౌజరు సెట్టింగుల సంగతి మాత్రం ఎవరికీ గుర్తొచ్చేది కాదు. అవి పుట్టేది సీ డ్రైవులోనే, పోయేదీ అక్కడే.

పోయేవాటిలో ఏమేం ఉండేవో చూస్తే విషయం చిన్నది కాదని తెలుస్తుంది. 2001 అక్టోబరులో విండోస్ ఎక్స్‌పీ, దాంతోపాటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆరో వెర్షన్ వచ్చాయి. నీలం రంగు 'ఈ' గుర్తునే ఇంటర్నెట్ అనుకున్న రోజులవి. 'టూల్స్' మెనూలో 'ఇంటర్నెట్ ఆప్షన్స్' తెరిస్తే, చూసిన పేజీల జాబితాను ఎన్ని రోజులు దాచాలో చెప్పే గడి ఒకటి కనిపించేది. అందులో ముందే వేసి ఉన్న అంకె 20. 'ప్రైవసీ' అనే ట్యాబులో పైకీ కిందికీ జరిపే మీట, దానికి ఆరు మెట్లు. పైకంటా నెడితే కుక్కీలన్నీ ఆగిపోతాయి, అడుక్కి దించితే అన్నీ లోపలికొస్తాయి. మైక్రోసాఫ్ట్ కంపెనీ పెట్టి ఇచ్చింది మధ్య మెట్టు మీద. ఫారాల్లో టైపు చేసినవి గుర్తుంచుకునే 'ఆటోకంప్లీట్' వీటికి అదనం. ఎవరైనా ఓపిక చేసుకుని వీటిని మార్చుకున్నా, ఫార్మాట్ తర్వాత మళ్లీ మొదటికే. మళ్లీ 20 రోజులు, మళ్లీ మధ్య మెట్టు. ఆ అంకెలు అమెరికాలో ఆ కంపెనీ ఉన్న రెడ్‌మండ్ అనే ఊళ్లో ఖాయమయ్యాయి. ద్రాక్షారామంలో ఒకే కంప్యూటరు ముందు ఇంటిల్లిపాదీ వంతులవారీగా కూర్చుంటారా, ఒక్కరే కూర్చుంటారా అన్నది వాటికి అక్కర్లేని విషయం.

కుక్కీల కథ మన నెట్ సెంటర్ల కన్నా కొంచెమే పాతది. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లి అనే ఇంజనీరు వాటిని తయారుచేశాడు. ఆన్‌లైన్ దుకాణానికి వచ్చినవాడు బుట్టలో ఏం వేసుకున్నాడో దుకాణం గుర్తుంచుకోవాలంటే, ఆ సమాచారాన్ని అతని కంప్యూటర్లోనే చిన్న ఫైలుగా వదిలితే చాలునని ఆలోచన. జనానికి ఒక్క ముక్క చెప్పకుండానే అది బ్రౌజర్లో చేరిపోయింది. 1996 ఫిబ్రవరిలో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక రాసేదాకా బయటివాళ్లకి పెద్దగా తెలియదు. 1997లో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ ఒక సలహా ఇచ్చింది. మనం తెరిచిన సైటు కాకుండా అందులో అతుక్కుని వచ్చే ఇతర సైట్లు వదిలే కుక్కీలను బ్రౌజర్లు తమంతట తాము ఒప్పుకోకూడదన్నది దాని సారాంశం. నెట్‌స్కేపూ మైక్రోసాఫ్టూ ఆ సలహాను పక్కన పెట్టాయి. ఆన్‌లైన్ ప్రకటనల వ్యాపారం పెరిగింది ఆ పక్కన పెట్టిన సలహా మీదే.

ఎక్స్‌ప్లోరర్‌లోని మధ్య మెట్టు కూడా చూడ్డానికి ఉన్నంత గట్టిది కాదు. మీ సమాచారంతో ఏం చేస్తామో ఇదీ అని సైటు తనంతట తాను ఒక సంకేత వాక్యంలో చెబితే, బ్రౌజరు దాన్ని నమ్మి కుక్కీని లోపలికి రానిచ్చేది. ఆ వాక్యం నిజమా కాదా అని చూసే నాథుడు లేడు. 2010లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 33 వేలకు పైగా సైట్లను పరిశీలిస్తే, దాదాపు మూడో వంతు సైట్ల సంకేత వాక్యాల్లో తప్పులున్నాయి. ద్వారపాలకుడు ఉన్నాడు, అతనికి చదువు రాదని అందరికీ తెలుసు.

గోదావరి జిల్లాలకు ఇంటర్నెట్ ముందుగా వచ్చింది అద్దె కుర్చీలోకి. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఇంటర్నెట్‌ను జనానికి తెరిచినప్పుడు అది నాలుగు మహానగరాల ముచ్చట. 1998లో ప్రైవేటు సంస్థలకు అనుమతి దొరికాక మొదట దిగినవాటిలో సత్యం ఇన్ఫోవే ఒకటి. 1999 అక్టోబరులో నాస్‌డాక్‌లో నమోదైన తొలి భారతీయ ఇంటర్నెట్ కంపెనీ అదే. దాని మాతృసంస్థ సత్యం కంప్యూటర్స్‌ని పెట్టిన బైర్రాజు రామలింగరాజుది భీమవరం ప్రాంతం. ఇక్కడి జనం మాత్రం కంపెనీ పేరు చూసి వెళ్లలేదు. బస్టాండు పక్కన మేడ మీద, ప్లైవుడ్ గదుల్లో, అడ్డంగా ఒక కర్టెన్ వేసిన చోటికి వెళ్లారు. మొదట్లో గంటకు ముప్ఫై నలభై రూపాయలుండేది, పోటీ పెరిగాక పదిహేనుకీ పదికీ దిగింది.

వెళ్లినవాళ్ల పనులు చూస్తే డెల్టా బతుకంతా కనిపిస్తుంది. కువైట్‌లోనో, మస్కట్‌లోనో, దోహాలోనో పనికెళ్లిన మనిషి పంపిన మెయిలు చదివించుకోవడానికి కోనసీమ నుంచి వచ్చే తల్లులు. వీసా కాపీ ప్రింటు తీయించుకునేవాళ్లు. అమెరికాలో ఎమ్మెస్‌కి దరఖాస్తులు పెట్టే కాకినాడ ఇంజనీరింగు కాలేజీ కుర్రాళ్లు. 2002 తర్వాత రైలు టిక్కెట్లు. ఎంసెట్ కౌన్సెలింగు వెబ్‌కి మారాక ఆప్షన్లు పెట్టుకునే పిల్లలు, వెనక నిలబడ్డ తండ్రులు. ఎండాకాలంలో ఇంటరూ, టెన్తూ ఫలితాలు. మిగతా వేళల్లో యాహూ మెసెంజరు, ఆ తర్వాత ఆర్కుట్.

వీటిలో సగం పనులకి మెయిలు తెరిచేది, పాస్‌వర్డు కొట్టేది సెంటరు కుర్రాడే. చదువురాని తల్లికి కొడుకు ఉత్తరాలొచ్చే మెయిలు పాస్‌వర్డు ఆ సెంటర్లో నోటుపుస్తకం వెనక పేజీలో ఉండేది. దాన్ని ఇవాళ్టి గోప్యత పాఠాలతో తూచి తప్పు పట్టడం తేలిక. ఆ కుర్రాడే లేకపోతే ఉత్తరమే చేరదన్నది అప్పటి లెక్క.

ఫలితాల రోజున ఆటోకంప్లీట్ చేసే పని మరీ చోద్యం. హాల్ టికెట్ నంబరు గడిలో మొదటి అంకె నొక్కగానే అంతకుముందు వచ్చిపోయిన పిల్లల నంబర్లన్నీ వరుసగా కిందికి జారేవి. ఏ నంబరు మీద నొక్కినా ఆ పిల్ల మార్కులు తెర మీదికి వచ్చేస్తాయి. మెయిలు పేజీలో ఒక అక్షరం కొడితే ఆ అక్షరంతో మొదలయ్యే ఊళ్లోవాళ్ల ఐడీలన్నీ కనపడేవి. 'ఈ కంప్యూటర్లో నన్ను గుర్తుంచుకో' అన్న చిన్న గడిలో టిక్కు తీసేయడం మరిచిపోయినవాళ్ల ఉత్తరాలు తర్వాత కూర్చున్నవాళ్లు చదివారు. సెట్టింగులు మార్చే హక్కు కూర్చున్నవాడికి ఉండేది కాదు. మార్చినా అవి అతను లేచిపోయాక ఇంకొకరివి. ఇక్కడ ప్రైవసీ సెట్టింగు మనిషిని పట్టి ఉండలేదు, యంత్రాన్ని పట్టి ఉండింది. యంత్రం ఎవరి చేతిలో ఉంటే దాని కట్టుబాట్లు వాళ్లవి.

ప్రభుత్వం పెట్టిన సెంటర్లలోనూ ఇదే వరస. 2002లో కలెక్టర్ సంజయ్ జాజూ హయాంలో పశ్చిమ గోదావరి జిల్లా గ్రామీణ ఈ-సేవ మొదలుపెట్టింది. హైదరాబాదులో ఈ-సేవ 2001 ఆగస్టు 25న మొదలైంది, అది నగరవాసుల కరెంటు బిల్లుల కోసం. పశ్చిమ గోదావరి దాన్ని మండల కేంద్రాలకు దించింది, నడపడం మహిళా స్వయం సహాయక సంఘాల చేతికిచ్చింది. ధ్రువపత్రాలకు, ఫిర్యాదులకు దరఖాస్తు వెబ్ ద్వారా కలెక్టరేటుకి వెళ్లేది. పొదుపు సంఘం మహిళ బ్రౌజరు తెరిచి, ఎదుట నిలబడ్డ రైతు తరఫున టైపు చేసేది. రైతుకి ఆ బ్రౌజరు ఏం గుర్తుంచుకుందో తెలియదు, సంఘం మహిళకీ తెలియదు. ఆమెకి కంప్యూటరు శిక్షణ ఇచ్చినవాళ్లు చెప్పాల్సిన పాఠాల్లో అది అప్పటికి లేదు.

భీమవరం చుట్టూ ఇంకో ప్రయోగం జరిగింది. రామలింగరాజు కుటుంబం పెట్టిన బైర్రాజు ఫౌండేషన్, ఐఐటీ కాన్పూరు, మీడియా ల్యాబ్ ఏషియా కలిసి 'అశ్విని' పేరుతో ఎత్తైన టవర్ల మీదుగా దూరపు వైఫై లింకులు వేసి పల్లెలను కలిపాయి. మామూలు వైఫై ఇల్లు దాటదు, దాన్ని పొలాల మీదుగా కిలోమీటర్లు పరిగెత్తించారు. 2006లో జల్లికాకినాడలో 'గ్రామ్ ఐటీ' అనే పల్లె బీపీవో వచ్చింది, తూర్పు గోదావరిలో ఈతకోటలోనూ ఒకటి పెట్టారు. ఇలాంటి చోట బ్రౌజరుకి తాళం కంపెనీదే. ఏ సైటు తెరవాలో, హోమ్ పేజీ ఏది ఉండాలో పైనుంచి పెట్టి ఇస్తారు, యంత్రం పాడైతే అవే సెట్టింగులతో ఇంకోటి వస్తుంది. 2009 జనవరి 7న సత్యం కుంభకోణం బయటపడ్డాక ఆ ఫౌండేషన్ జోరు తగ్గింది. మళ్లీ మళ్లీ పోయే సెట్టింగులను ఒకేచోట నుంచి తిరిగి నిలబెట్టే పద్ధతిని మాత్రం డెల్టా కుర్రాళ్లు అలాంటి ఉద్యోగాల్లోనే మొదట చూశారు.

నెట్ సెంటర్ల దగ్గర అంత ఖరీదైన ఏర్పాటు లేదు. వాళ్లకి ఉన్న చిక్కు అంతకన్నా పెద్దది. రోజుకి యాభై మంది కూర్చునే కుర్చీ, ఒక్కొక్కరి జేబులో ఒక పెన్‌డ్రైవు, ఒక్కొక్క పెన్‌డ్రైవులో ఒక వైరస్. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు పాకినప్పుడు ఎక్స్‌పీ యంత్రాలు 60 సెకన్ల లెక్క చూపించి వాటంతటవే ఆగి మొదలయ్యేవి. వైరస్ లేని రోజున కరెంటు పోయేది. సముద్రపు గాలికి బోర్డులు తుప్పు పట్టేవి. పది యంత్రాల సెంటర్లో నెలకి రెండు మూడైనా ఫార్మాట్‌కి వచ్చేవంటే వింత లేదు. ఒక్కోదానికి విండోస్ వేసి, డ్రైవర్లు వేసి, తెలుగు ఫాంట్లు వేసి, బ్రౌజరు సెట్ చేసేసరికి పూట గడిచిపోతుంది.

దీనికి రెండు ఉపాయాలు దొరికాయి. మొదటిది గోస్ట్. న్యూజీలాండ్‌లో పుట్టి 1998లో సైమాంటెక్ చేతికి వెళ్లిన ఈ సాఫ్ట్‌వేరు, అన్నీ సర్దిపెట్టిన ఒక యంత్రం హార్డ్ డిస్కుని అచ్చంగా నకలు తీసి దాచుకోనిస్తుంది. పాడైనప్పుడు ఆ నకలు దించితే పావుగంటలో యంత్రం తయారు. నకలు తీసిన రోజున బ్రౌజరు ఎలా ఉందో ప్రతి యంత్రంలోనూ అలాగే వచ్చి కూర్చుంటుంది. పాస్‌వర్డులు దాచొద్దని పెట్టి తీస్తే అన్నిటా అదే రక్ష. తీసే ముందు ఓనరు తన మెయిలు తెరిచి మూయడం మరిస్తే, అదీ పది యంత్రాలకీ పాకుతుంది.

రెండోది డీప్ ఫ్రీజ్. కెనడాలోని వాంకోవర్ కేంద్రంగా పనిచేసే ఫెరానిక్స్ సంస్థ 1999లో తెచ్చింది. తెర కింద కుడి మూలన తెల్ల ఎలుగుబంటి తల ఉంటే ఆ యంత్రం 'గడ్డకట్టి' ఉందని అర్థం. కూర్చున్నవాడు ఏం దించుకున్నా, ఏ సెట్టింగు మార్చినా, ఏ వైరస్ ఎక్కించినా, ఒక్కసారి రీస్టార్ట్ చేస్తే గడ్డకట్టిన నాటి స్థితికి తిరిగొస్తుంది. ఏదైనా శాశ్వతంగా మార్చాలంటే షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని ఎలుగుబంటి మీద రెండుసార్లు నొక్కాలి, పాస్‌వర్డు కొట్టి కరిగించాలి, పని కానిచ్చి మళ్లీ గడ్డకట్టించాలి. మే నెల ఎండలో రాజమండ్రిలో ఫ్యాను కింద చెమటలు కక్కుతున్న సెంటర్లో ఆ ధ్రువపు ఎలుగుబంటి కాపలా కాసేది.

కుక్కీలు, చరిత్ర, ఆటోకంప్లీట్ జాబితాలు, కొట్టిన ప్రతి మీటనూ దొంగచాటుగా రాసుకునే కీలాగర్లు అన్నీ ఒక్క రీస్టార్ట్‌తో పోతాయి. ఆ రోజుల్లో గోదావరి జిల్లాల సామాన్యుడి గోప్యతను కాపాడింది ఏ ప్రైవసీ ట్యాబూ కాదు, వైరస్‌ల భయంతో ఓనరు వేసిన ఈ సాఫ్ట్‌వేరు. కస్టమరు రహస్యం గురించి ఆ ఓనరు ఆలోచించలేదు, తన ఫార్మాట్ ఖర్చు గురించి ఆలోచించాడు. ఫలితం మాత్రం కస్టమరుకి దక్కింది. అయితే ఒక లొసుగు ఉంది. ఒకరు లేచి ఇంకొకరు కూర్చునే మధ్యలో ఎవరూ రీస్టార్ట్ చేయరు. బూటయ్యే నాలుగు నిమిషాలకి డబ్బులెవరిస్తారు? ఉదయం నుంచి రాత్రిదాకా పోగైన జాడలన్నీ షట్టరు దించేవేళకే మాసేవి. ఇంకో లొసుగు, గడ్డకట్టిన నాటి సెట్టింగే తప్పుదైతే ఆ తప్పు కూడా ప్రతి ఉదయం తాజాగా తిరిగొచ్చేది.

ఇంతలో చట్టం వచ్చింది. 2008లో దేశంలో వరుస పేలుళ్లు జరిగాయి, బాధ్యత తమదేనంటూ మెయిళ్లు వచ్చాయి, పోలీసుల చూపు ఇంటర్నెట్ కనెక్షన్ల మీద పడింది. ఆ ఏడాది ఐటీ చట్టానికి చేసిన సవరణలో సైబర్ కేఫ్‌కి నిర్వచనం చేరింది. 2011 ఏప్రిల్ 11న కేఫ్‌ల నిబంధనలు వెలువడ్డాయి. గుర్తింపు కార్డు చూపనిదే కూర్చోనివ్వకూడదు. గదుల అడ్డుగోడ నాలుగున్నర అడుగులు మించకూడదు. గదులు లేని యంత్రాల తెరలు నలుగురూ తిరిగే వైపుకే ఉండాలి. మైనర్లు పెద్దవాళ్లు వెంట లేనిదే గదిలోకి వెళ్లకూడదు. ఎవరు ఎప్పుడు కూర్చున్నారో రిజిస్టరు ఏడాది పాటు దాచాలి, ప్రతి నెలా 5వ తేదీలోగా దాని నివేదిక అధికారులకు పంపాలి. వీటన్నిటికీ తోడు, కేఫ్ యంత్రాల మీద చూసిన సైట్ల చరిత్రనూ ఏడాదికి తక్కువ కాకుండా భద్రపరచాలి.

రాత్రికి రాత్రి అంతా తుడిచేసే ఎలుగుబంటి ఒక వైపు, ఏడాది దాచమనే నిబంధన ఇంకో వైపు. రెండూ ఒకే బల్ల మీద. ఈ ఇరుకు దాటడానికి ఉన్న దారి, చరిత్రను కస్టమరు యంత్రంలో కాకుండా అన్ని యంత్రాలకూ ఇంటర్నెట్ పంచే ఓనరు యంత్రంలో, ప్రాక్సీ సర్వరు లాగ్‌లో దాచడం. అప్పటినుంచి బ్రౌజరులో చరిత్ర తుడుచుకోవడానికీ, చరిత్ర నిజంగా పోవడానికీ సంబంధం లేకపోయింది. రిజిస్టరు కోసం తీసిన ఓటరు కార్డుల, రేషను కార్డుల జిరాక్సులు సొరుగుల్లో పేరుకున్నాయి. ఆ కాగితాలను ఎవరు చూస్తారో, ఎప్పుడు చించేస్తారో కస్టమరు అడగలేదు.

సరిగ్గా ఆ కాలానికే బ్రౌజర్లలో 'ప్రైవేట్' కిటికీలు వచ్చి ఉన్నాయి. యాపిల్ సఫారీలో 2005లో, గూగుల్ క్రోమ్‌లో 2008లో, ఎక్స్‌ప్లోరర్ ఎనిమిదో వెర్షన్‌లో 2009 మార్చిలో, ఫైర్‌ఫాక్స్ 3.5లో అదే ఏడాది జూన్‌లో. కిటికీ మూస్తే ఆ యంత్రంలో జాడ మిగలదు. కౌంటరు దగ్గరి సర్వరుకి మాత్రం కిటికీ ప్రైవేటైనా ఒకటే, కాకపోయినా ఒకటే. అజ్ఞాత మోడ్‌లో చూస్తే ఎవరికీ తెలియదని నమ్మినవాళ్లు నెట్ సెంటర్లతో ఆగిపోలేదు, ఇప్పటికీ ఆఫీసుల్లో, హాస్టళ్లలో కనపడతారు.

ఇళ్లలోకి ల్యాప్‌టాపులు వచ్చి, సెంటర్లు ఒక్కొక్కటీ జిరాక్స్ షాపులుగా మారుతున్న కాలంలో ఫార్మాట్‌కి కొత్త కారణం తోడైంది. పాటల ప్లేయరు దించుకుంటే దాని వెంట ఆస్క్, బాబిలాన్ లాంటి టూల్‌బార్లు దిగేవి. అడక్కుండా హోమ్ పేజీ మారిపోయేది, వెతుకులాట ఇంకెక్కడికో వెళ్లేది. చాలామంది బ్రౌజరు తీసేసి మళ్లీ వేసుకునేవారు. వేసుకున్నాక చూస్తే పాత రోగమే మళ్లీ ఎదురయ్యేది. తప్పు వాళ్లది కాదు. బ్రౌజరు ప్రోగ్రామ్ ఒక చోట ఉంటుంది, మనిషి పెట్టుకున్న సెట్టింగులు 'ప్రొఫైల్' అనే వేరే ఫోల్డర్లో ఉంటాయి. ప్రోగ్రామ్ తీసేస్తే ప్రొఫైల్ పోదు. క్రోమ్ తీసేసేటప్పుడు బ్రౌజింగు డేటాను కూడా తొలగించాలా అని ఒక గడి అడుగుతుంది, టిక్కు పెట్టకపోతే అంతా అక్కడే ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ కూడా మామూలు తొలగింపుకి చెక్కుచెదరదు.

అంటే మళ్లీ వేసుకోవడం అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులున్నాయి. ప్రోగ్రామ్ ఒక్కటీ తీసి వేస్తే ప్రైవసీ సెట్టింగులు పోవు. సీ డ్రైవు ఫార్మాట్ కొడితే అన్నీ పోతాయి. గోదావరి వరద తీశాక లంక రైతు కొత్త ఒండ్రు మీద హద్దులు మళ్లీ వేసుకున్నట్టు మొదటి నుంచి వేసుకోవాలి. మూడోది ఫైర్‌ఫాక్స్‌లోని 'రిఫ్రెష్'. దీని తీరు విచిత్రం. బుక్‌మార్కులు, పాస్‌వర్డులు, కుక్కీలు అట్టే పెడుతుంది, ఎక్స్‌టెన్షన్లనూ మార్చుకున్న సెట్టింగులనూ తీసేస్తుంది. కుక్కీలు ఉంటాయి, కుక్కీలను ఆపమని పెట్టిన సెట్టింగు పోతుంది. పాత సరుకంతా 'ఓల్డ్ ఫైర్‌ఫాక్స్ డేటా' పేరుతో డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్లో పడుంటుంది. అదేమిటో తెలియక చెత్తబుట్టలో వేసేవాళ్లు ఎక్కువ.

2019 మేలో ఫైర్‌ఫాక్స్ 67 వచ్చినప్పుడు ఇంకో తమాషా జరిగింది. అప్పటినుంచి బ్రౌజరు ఏ ఫోల్డర్లో ఇన్‌స్టాల్ అయితే ఆ ఫోల్డరుకి ప్రత్యేకంగా ఒక ప్రొఫైల్. తీసేసి మరో చోట వేసుకున్నవాళ్లకి ఖాళీ బ్రౌజరు కనిపించింది. ఎన్నేళ్లుగానో పెట్టుకున్న బుక్‌మార్కులూ సెట్టింగులూ పోయాయని గుండెలు బాదుకున్నారు. పోలేదు, పక్క ఫోల్డర్లో ఉన్నాయి. అడ్రసు గడిలో 'అబౌట్:ప్రొఫైల్స్' అని కొట్టి పాత ప్రొఫైల్‌ను ఎంచుకుంటే చాలు. మరీ జాగ్రత్తపరులకి ఫైర్‌ఫాక్స్‌లో మొదటినుంచీ ఒక మార్గం ఉంది. 'యూజర్.జేఎస్' అనే మామూలు టెక్స్టు ఫైలులో కావలసిన సెట్టింగులన్నీ వరుసకొకటి రాసి ప్రొఫైల్ ఫోల్డర్లో పెడితే, బ్రౌజరు తెరిచిన ప్రతిసారీ అవే అమలవుతాయి. ఆ ఫైలును డీ డ్రైవులో దాచుకుంటే ఫార్మాట్ భయం లేదు. పాటల్ని డీ డ్రైవుకి మోసిన ఊళ్లలో ఈ ఒక్క ఫైలు సంగతి చెప్పినవాళ్లు లేకపోయారు.

2016లో రెండు పరిణామాలు వరుసగా జరిగాయి. సెప్టెంబరు 5న జియో వచ్చింది. డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామం రాష్ట్ర ఫైబర్ గ్రిడ్‌కి ముందు వరస ఊరైంది. నెలకు 149 రూపాయలకి ఇంటర్నెట్, టీవీ, ఫోన్ అన్న మాట అక్కడి నుంచే రాష్ట్రమంతా వినపడింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించారు. అదే ఏడాది ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. కోర్టు చెప్పిన హక్కు, ఫోనులో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సెట్టింగు, రెండూ ఒకే ఏట ఒకే చేతిలోకి వచ్చాయి. ఒకదానికొకటి పరిచయం లేదు.

ఈ మధ్యలో డిఫాల్ట్‌లు కొంత మారాయి. సెట్టింగులు ముట్టుకోనివాళ్లే ఎక్కువ గనక అసలు మార్పు అదే. 2019 సెప్టెంబరులో ఫైర్‌ఫాక్స్ 69 వెంటాడే కుక్కీలను తనంతట తాను ఆపడం మొదలుపెట్టింది. 2020 మార్చిలో సఫారీ ఇతర సైట్ల కుక్కీలను మొత్తంగా నిలిపేసింది. 1997 నాటి సలహా అమలవడానికి 23 ఏళ్లు పట్టింది. క్రోమ్ కూడా రెండేళ్లలో అదే చేస్తామని 2020 జనవరిలో ప్రకటించింది, వాయిదాలు వేసుకుంటూ వచ్చింది, 2024లో ఒక్క శాతం మంది దగ్గర ప్రయత్నించి, 2025 ఏప్రిల్‌లో ఆ ఆలోచనే మానుకుంది. 'నన్ను వెంటాడొద్దు' అని సైట్లకి చెప్పే 'డు నాట్ ట్రాక్' మీట 2011లో ఫైర్‌ఫాక్స్‌లోకి వచ్చింది. సైట్లు ఖాతరు చేయలేదు, 2025లో ఫైర్‌ఫాక్స్ దాన్ని తీసేసింది. కాబట్టి ఇవాళ ల్యాప్‌టాప్ ఫార్మాట్ కొట్టించినవాడు ఫైర్‌ఫాక్స్ వేసుకుంటే ఏమీ ముట్టుకోకుండానే కొంత రక్షణ దొరుకుతుంది, క్రోమ్ వేసుకుంటే తనే సెట్టింగుల్లోకి వెళ్లాలి. మన దగ్గర ఎక్కువ మంది వేసుకునేది క్రోమ్.

ఇక సింక్. మెయిలు ఐడీతో బ్రౌజర్లోకి లాగిన్ అయితే బుక్‌మార్కులు, పాస్‌వర్డులు, ఎక్స్‌టెన్షన్లు, సెట్టింగులు కంపెనీ సర్వరు నుంచి దిగుతాయి. యంత్రాన్ని అంటిపెట్టుకున్న సెట్టింగు ఇన్నాళ్లకి మనిషి వెంట నడిచింది. అన్నీ నడవవు. ఫైర్‌ఫాక్స్ 'అబౌట్:కాన్ఫిగ్' లోతుల్లో మార్చినవాటిలో ఎంపిక చేసిన కొన్నిటినే సింక్ మోసుకెళుతుంది, మిగతావి మళ్లీ చేతితో పెట్టుకోవాలి.

మోసుకెళ్లకూడనివి మాత్రం చక్కగా మోసుకెళుతుంది. రిపేరు షాపుల్లో ఇప్పుడు తరచుగా కనపడే చిక్కు ఇదే. ఏ ఎక్స్‌టెన్షన్ వల్ల బ్రౌజరు పాడై ప్రకటనలు కుమ్మరించిందో, దేని కోసం ఫార్మాట్ దాకా వెళ్లారో, ఆ ఎక్స్‌టెన్షన్ కస్టమరు ఇంటికెళ్లి మెయిలు ఐడీతో లాగిన్ అవగానే సర్వరు నుంచి దిగి మళ్లీ కూర్చుంటుంది. మారిపోయిన సెర్చ్ ఇంజనూ వెంటే వస్తుంది. ఫార్మాట్ సరిగా చేయలేదని షాపువాడి మీదికి వెళితే అతని తప్పేమీ ఉండదు. సర్వరు మీద ఉన్న కాపీని ముందు తుడవాలి. వేరే ఫోన్లో గూగుల్ ఖాతాలోని క్రోమ్ సింక్ పేజీ తెరిచి అక్కడ దాచిన డేటాను తొలగించి, ఆ తర్వాతే కొత్త యంత్రంలో లాగిన్ అవ్వాలి. పాస్‌వర్డులు కూడా ఆ కాపీలోనే ఉంటాయి కనుక వాటిని అంతకుముందే ఫైలుగా తీసి పెన్‌డ్రైవులో పెట్టుకోవాలి, కొత్త యంత్రంలోకి ఎక్కించాక ఆ ఫైలును చెరిపేయాలి. ఈ పని ఫార్మాట్‌కి ముందు చేయించాలి కనుక, షాపు కుర్రాడు సీ డ్రైవు గురించి అడిగే ప్రశ్నకి ఇప్పుడు ఇంకో ప్రశ్న తోడైంది. "క్రోమ్‌లో ఏ మెయిలుతో ఉన్నారు అండీ?"